ఫ్లెచర్ హెండర్సన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణమున జార్జియా యను రాష్ట్రము కలదు. అందలి కత్‌బర్ట్ అను చిన్న పట్టణమున 1897వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన ఫ్లెచర్ హెండర్సన్ జన్మించెను. అతని తండ్రి పేరును ఫ్లెచర్ హెండర్సనే. ఆయన ఆ పట్టణమున నల్లజాతి బాలబాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. తల్లి ఓజీ పియానో నేర్పుచుండెను. ఆ దేశమున బానిసత్వము 1865లో రద్దయినను, దక్షిణ రాష్ట్రములలో నల్లవారికి బడి వేరు, రైలుపెట్టె వేరు, కడకు శ్మశానము సైతము వేరుగా నుండెను. తమ బిడ్డలను ఆ స్థితినుండి పైకి తేగలిగినది విద్య యొక్కటే యని ఆ దంపతులు దృఢముగా నమ్మిరి.

ఆరవ యేట బాలుడు పియానో ముందు కూర్చుండెను. సాధన పూర్తి యగువరకు తండ్రి అతనిని గదిలో నుంచి తాళము వేయుచుండెడివాడని చెప్పుదురు. ప్రధానోపాధ్యాయుల యిండ్లలో పిల్లలకు ఇట్టి కష్టములు కలుగుట ఏ దేశమందైనను కద్దు. బాలుడు నేర్చినది యూరపు దేశపు శాస్త్రీయ సంగీతము, దేవాలయ గీతములు మాత్రమే. వీథులలోను, పానశాలలలోను వినిపించు పాటలు ఆ యింటి గడప దాటి లోనికి రారాదు. ఈ విధముగ పెరిగిన బాలుడు తరువాతి కాలమున ఏ సంగీతమునకు నాయకుడయ్యెనో తెలిసినచో ఆశ్చర్యము కలుగక మానదు.

అట్లాంటా విశ్వవిద్యాలయమున రసాయన శాస్త్రము, గణితము చదివి, హెండర్సన్ 1920లో పట్టభద్రుడయ్యెను. ఆ సంవత్సరమే న్యూయార్కు నగరమునకు వచ్చెను. ప్రయోగశాలలో ఉద్యోగము సంపాదించి, రసాయన శాస్త్రమున ఇంకను పై చదువు చదువవలెనని అతని కోరిక. కాని నల్లజాతి యువకునకు ప్రయోగశాలల తలుపులు తెరచుకొనలేదు. పట్టా చేతనుండగా పని దొరకని ఆ యువకుని, చిన్ననాడు తాళము వేసిన గదిలో నేర్చిన పియానో ఆదుకొనెను. పాటల స్వరప్రతులను అచ్చు వేసి అమ్ము పేస్, హ్యాండీ అనువారి సంస్థలో, కొనవచ్చినవారికి పాటను వాయించి వినిపించు పని అతనికి దొరకెను.

1921లో హ్యారీ పేస్ ఆ సంస్థనుండి విడివడి బ్లాక్ స్వాన్ అను పేరుతో గ్రామఫోను రికార్డుల కంపెనీ స్థాపించెను. బ్లాక్ స్వాన్ అనగా నల్లహంస. నల్లవారి యాజమాన్యమున నడచిన తొలి రికార్డు కంపెనీలలో అది యొకటి. హెండర్సన్ అందు సంగీత దర్శకుడయ్యెను. ఆ కంపెనీకి పేరు తెచ్చిన గాయని ఎథెల్ వాటర్స్. ఆమె పాడు పాటలను బ్లూస్ అందురు. దక్షిణ దేశపు పేద నల్లవారి కష్టసుఖములనుండి పుట్టిన పాటలవి. ఆమెతో కలిసి ఊరూర కచేరీలు చేయుటకు వెళ్లవలసి వచ్చినపుడు, హెండర్సన్ మొదట తన కుటుంబమువారి అనుమతి కోరెనట.

అతని వ్రేళ్లకు శాస్త్రీయ సంగీతము తెలియును గాని బ్లూస్ నడక తెలియదు. పాటకు తగిన ఊపు రాకపోవుటచే ఎథెల్ వాటర్స్ విసుగుచెంది, ఒక ఉపాయము చేసెను. ఆ కాలమున దానంతట నదే వాయించుకొను పియానోలుండెడివి. రంధ్రములు చేసిన కాగితపు చుట్టను అందు అమర్చినచో, ఆ రంధ్రముల ప్రకారము మెట్లు తమంతట దిగుచు లేచుచు నుండును. జేమ్స్ పి. జాన్సన్ అను ప్రసిద్ధ విద్వాంసుడు వాయించిన చుట్టలను ఆమె తెప్పించి హెండర్సను ముందుంచెను. దిగుచున్న మెట్ల వెంట తన వ్రేళ్లను నడపి, అతడు ఆ బాణీని పట్టుకొనెను. పట్టభద్రుడై యుండియు, కాగితపు చుట్టను గురువుగా నెంచి మరల విద్యార్థి యగుటకు అతడు సిగ్గుపడలేదు.

నల్లహంస కంపెనీ 1923 చివరకు దివాలా తీసెను. అప్పటికి హెండర్సన్ ఇతర కంపెనీల రికార్డులకును వాయించుచు, కొందరు వాద్యకారులను తన చుట్టును చేర్చుకొని యుండెను. వారందరు కలసి ఒక నృత్యశాలలో వాయించుటకు పరీక్ష కేగి నెగ్గిరి. మేళమునకు నాయకుడుండవలెను గదా! హెండర్సన్ చదువుకొన్నవాడు, చక్కని రూపము గలవాడు, మర్యాద తెలిసినవాడు. కనుక మిగిలినవారు అతనినే నాయకునిగా నెన్నుకొనిరి. ఈ సంగతి గమనింపదగినది. అతడు నాయకత్వమును కోరి తెచ్చుకొనలేదు; ఇతరులు తెచ్చి అతని చేతిలో పెట్టిరి. 1924 ప్రారంభమున అలబామ్ క్లబ్బులోను, ఆ వేసవినుండి బ్రాడ్‌వే వీథిలోని రోజ్‌లాండ్ నృత్యశాలలోను ఆ మేళము వాయింపసాగెను.

రోజ్‌లాండ్ ఆనాడు న్యూయార్కు నగరమున పేరెన్నికగన్న నృత్యశాల. రాత్రి పొడవున నృత్యము ఆగకుండునట్లు అందు రెండు మేళములు వంతులవారీగా వాయించుచుండెను. వాయించువారు నల్లవారైనను, నర్తించుటకు తెల్లవారికి మాత్రమే ప్రవేశము. హెండర్సను తలిదండ్రులు టిక్కెట్టు కొనుటకు సిద్ధమై వచ్చినను ఆ తలుపు వారికి తెరువబడి యుండెడిది కాదు.

ఇచట జాజ్ సంగీతమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. లూసియానా రాష్ట్రమున న్యూ ఆర్లియన్స్ నగరమందు నల్లవారి మధ్య ఈ సంగీతము రూపొందెను. వ్రాసిన స్వరమును వ్రాసినట్లు వాయించుట అందు ప్రధానము కాదు. మన కచేరీలలో విద్వాంసుడు మనోధర్మమును బట్టి స్వరకల్పన చేయునట్లు, జాజ్ వాద్యకారుడు పాటను ఆధారము చేసికొని అప్పటికప్పుడు క్రొత్త వరుసలు కల్పించును. ఐదారుగురు కూడి వాయించునపుడు ఇది సులభమే. ఒకరి యెత్తుగడ నొకరు కనిపెట్టి నడచుకొందురు. కాని పెద్ద నృత్యశాలకు పది పన్నెండుగురు కావలెను. పన్నెండుగురు పన్నెండు కల్పనలు చేసినచో అది సంగీతము కాదు, సంత యగును. అట్లని అందరును కాగితము చూచి వాయించినచో జాజ్ లోని జీవము పోవును. ఈ చిక్కు విప్పుటయే హెండర్సను మేళము సాధించిన ఘనకార్యము.

మొదట ఆ పనికి పూనుకొన్నవాడు ఆ మేళములోనే శాక్సోఫోను వాయించు డాన్ రెడ్మన్. అతడు వాద్యములను వర్గములుగ విభజించెను. ట్రంపెట్లు, ట్రాంబోనులు మొదలగు ఇత్తడి వాద్యములు ఒక వర్గము. క్లారినెట్లు, శాక్సోఫోనులు మరియొక వర్గము. పియానో, బాంజో, డోలు మొదలగునవి లయను నిలుపును. ఒక వర్గము ప్రశ్నించినట్లు ఒక వరుస వాయింపగా రెండవ వర్గము దానికి బదులు చెప్పును. నల్లవారి ప్రార్థనాలయములలో బోధకుడు ఒక మాట పలుకగా జనులు బదులు పలుకుట అనాదిగా గల ఆచారము. ఆ ఆచారమే ఈ వ్రాతప్రతులలోనికి వచ్చెను. ఈ ప్రశ్నోత్తరముల నడుమ ఒక్కొక్క విద్వాంసునకు స్వేచ్ఛగా కల్పన చేయుటకు చోటు విడువబడెను. ఇట్లు వాద్యములకు పని పంచి పాటను వ్రాయుటను మనము సంగీత రచన యందము.

ఇంతలో 1924 అక్టోబరునందు షికాగోనుండి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను ఇరువది మూడేండ్ల యువకుడు వచ్చి మేళమున చేరెను. అతడు న్యూ ఆర్లియన్స్ లో కడు పేదరికమున పెరిగినవాడు. న్యూయార్కు వాద్యకారులు అతని వేషభాషలు చూచి మొదట నవ్విరి. సాధన సమయమున ఒక కథ జరిగినదని చెప్పుదురు. స్వరప్రతిలో ఒకచోట రెండు పీ అక్షరములు వ్రాసి యుండెను. మిక్కిలి మెల్లగా వాయింపుమని దాని కర్థము. అందరును ధ్వని తగ్గించిరి. ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రము గది దద్దరిల్లునట్లు ఊదెను. హెండర్సన్ వాద్యమాపించి కారణమడుగగా, బాగుగ దంచి వాయింపుమని దాని భావమనుకొంటినని అతడు బదులు చెప్పెను. అందరును పకపక నవ్విరి. నాటినుండి అతడు వారిలో నొకడయ్యెను. కాని అతడు లేచి నిలిచి స్వంత కల్పన ప్రారంభించినపుడు నవ్వుటకు ఎవరికిని ధైర్యము లేకపోయెను. అతని వాయిద్యము విన్న పిదప కోల్మన్ హాకిన్స్ తన శాక్సోఫోను బాణీని మార్చుకొనెను. రెడ్మన్ తన వ్రాతను మార్చుకొనెను. పదుమూడు నెలలలో ఆ మేళము వేరొక మేళ మయ్యెను.

అయినను ఆర్మ్‌స్ట్రాంగుకు ఒక కొరత యుండెను. అతనికి పాడవలెనని కోరిక. హెండర్సన్ దాని కంతగా అవకాశ మీయలేదు. ఆ బొంగురు కంఠము తరువాత ప్రపంచమెల్ల వినెను. చేతిలోని మాణిక్యమును అప్పుడు సగమే చూచెననుట న్యాయము. 1925 నవంబరులో ఆర్మ్‌స్ట్రాంగ్ షికాగోకు మరలిపోయెను.

తరువాతి రెండు మూడు సంవత్సరములు ఆ మేళమునకు ఉచ్చదశ. న్యూయార్కులో తమకు సాటి లేదని వారనుకొనుచుండగా, 1926 అక్టోబరున డిట్రాయిట్ నుండి జీన్ గోల్డ్‌కెట్ అనువాని తెల్లవారి మేళము రోజ్‌లాండ్‌కు వచ్చి పోటీకి నిలిచెను. అందు బిక్స్ బైడర్‌బెక్ అను కార్నెట్ విద్వాంసుడు కలడు. ఆ రాత్రి హెండర్సను మేళమే ఓడెను. ఈ సంగతిని ఓడినవారిలో నొకడైన రెక్స్ స్ట్యూవర్టే తరువాత నిస్సంకోచముగ వ్రాసెను. అంతేకాదు; 1931లో హెండర్సను మేళము బిక్స్ ప్రసిద్ధికెక్కించిన పాట నొకదానిని రికార్డు చేయుచు, అతని బాణీనే ప్రీతితో అనుసరించెను. విద్య కడ వర్ణభేదమును పాటింపరాదను నియమము ఆ వాద్యకారులకు తెలియును. నృత్యశాల ద్వారపాలకునకే అది తెలియదు.

1927లో రెడ్మన్ వేరొక మేళమునకు పోయెను. 1928 ఆగస్టులో కెంటకీ రాష్ట్రమున హెండర్సన్ తోలుచున్న మోటారు ప్రమాదమునకు గురియయ్యెను. తలకును, మెడ క్రింది యెముకకును దెబ్బలు తగిలెను. గాయములు మానెను గాని, ఆ దినమునుండి అతడు పూర్వపు మనిషి కాలేదని భార్య లియోరా చెప్పెడిది. సహజముగనే మెత్తని స్వభావము గలవాడు, ఇప్పుడు దేనిని గూర్చియు పట్టుదల లేనివాడయ్యెను. వాద్యకారులు ఆలస్యముగ వచ్చినను మందలింపడు. రావలసిన సొమ్ము రాకున్నను గట్టిగ నడుగడు.

1929లో ఫిలడెల్ఫియా నగరమున ఒక సంగీత నాటకమునకు ఆ మేళమును కుదుర్చుకొనిరి. సాధన జరుగుచుండగనే నాటకమువారు అదనముగ తెల్ల వాద్యకారులను తెచ్చి, హెండర్సను మనుష్యులను ఒకరి వెంట నొకరిని తొలగింపసాగిరి. నాయకుడు నోరు విప్పి అడ్డుచెప్పలేదు. ఏండ్ల తరబడి వెంట నున్నవారు మనసు విరిగి చెదరిపోయిరి. అతని జీవితమున నేను ఇష్టముతో చదువలేని ఘట్టమిది. అడ్డుచెప్పినచో వారు వినెడివారా యన్నది వేరు ప్రశ్న. తనను నమ్మినవారి పక్షమున ఒక్కమాట చెప్పుట నాయకుని విధి. ఆ మాటను అతడు చెప్పలేదు.

మరల మేళము కూర్చుకొనెను గాని, దేశమున ఆర్థిక మాంద్యము ప్రబలి, నృత్యశాలలు వెలవెల బోవుచుండెను. 1932 డిసెంబరులో ఒక రికార్డింగునకు మేళము గంటల కొలది ఆలస్యముగ చేరెను. మిగిలిన కొద్దిసేపటిలోనే వారు మూడు పాటలు వాయించిరి. అవి నేటికిని మేలైన జాజ్ రికార్డులుగ పరిగణింపబడుచున్నవి. ఆ మేళపు గొప్పతనమును, దాని పతన కారణమును ఆ యొక్క పూటలోనే చూడవచ్చును.

విచిత్రమేమనగా, అన్నియు క్షీణించుచున్న ఈ కాలముననే హెండర్సన్ స్వయముగ కలము పట్టి సంగీత రచన విరివిగ చేయసాగెను. జెల్లీ రోల్ మార్టన్ కట్టిన కింగ్ పోర్టర్ స్టాంప్ అను పాట మొదలుగా అనేకములను అతడు క్రొత్తగ తీర్చెను. అతని వ్రాతలో చిక్కులుండవు. వాద్యకారునకు ఊపిరి తీసికొనుటకు వ్యవధి యుండును. నర్తకుని అడుగునకు ఆధారముండును. గణితము చదివినవాడగుటచే కాబోలు, అతని లెక్క తప్పదు. లెక్క చేసినట్లు కనబడనును కనబడదు.

1934లో హాకిన్స్ ఇంగ్లండునకు వెళ్లగా, ఆ స్థానమునకు లెస్టర్ యంగ్ వచ్చెను. అతని శాక్సోఫోను మృదువుగ పలుకును. హాకిన్స్ గంభీరనాదమునకు అలవాటుపడిన తోటివారు అతనిని సహింపలేదు. వారందరికంటె అతడే మేటి యని హెండర్సనునకు తెలియును. తెలిసియు నిలుపుకొనలేక పంపివేసెను. ఆ సంవత్సరాంతమున డిట్రాయిటులో, జీతములు చెల్లింపలేని దశలో, మేళము విచ్ఛిన్నమయ్యెను.

సరిగా అప్పుడే న్యూయార్కులో బెన్నీ గుడ్మన్ అను తెల్ల యువకుడు క్లారినెట్ విద్వాంసుడుగ పైకి వచ్చుచుండెను. 1934 డిసెంబరునుండి ప్రతి శనివారము రాత్రి దేశమంతటను వినిపించు ఒక రేడియో నృత్య కార్యక్రమమున అతని మేళమునకు చోటు దొరకెను. వారము వారము క్రొత్త సంగీత రచనలు కావలెను. జాన్ హామండ్ అను సంగీతాభిమాని సూచనపై అతడు హెండర్సను నాశ్రయించెను. ఒక్కొక్క రచనకు సుమారు 37 డాలర్లు ఇచ్చెడివారు. చేతిలో చిల్లిగవ్వ లేని హెండర్సన్, తన మేళమునకై వ్రాసికొన్న రచనలను కొన్నిటిని అమ్మెను. క్రొత్తవి రాత్రింబవళ్లు వ్రాసి యిచ్చెను. చేయి చాలనపుడు తమ్ముడు హొరేస్ తోడ్పడెను. అన్న పేర చెలామణి యైన వానిలో కొన్ని ఆ తమ్ముడు వ్రాసినవే.

1935లో గుడ్మన్ మేళము కచేరీలు చేయుచు పడమటి దిక్కునకు పయనించెను. మార్గమధ్యమున ఎచటను ఆదరణ లేదు. డెన్వరులో జనులు మొగము త్రిప్పుకొనిరి. ఆగస్టు 21వ తేదీ రాత్రి లాస్ ఏంజిలిస్ నగరమున పాలొమార్ నృత్యశాలలో, నిరాశతో మొదట సాధారణ గీతములే వాయించి, ఫలము లేకపోగా, తుదకు హెండర్సను రచనలను బయటికి తీసిరి. నర్తించుచున్న యువజనులు అడుగులాపి వేదిక చుట్టును మూగి కేకలు వేసిరి. కారణ మేమనగా, న్యూయార్కులో అర్ధరాత్రి దాటిన పిదప వినిపించిన ఆ రేడియో సంగీతము, కాలభేదముచే కాలిఫోర్నియాలో తొలి రాత్రియందే వినిపించెడిది. ఆ రచనలు వారికి అదివరకే సుపరిచితములు. స్వింగ్ యుగము ఆ రాత్రితో ఆరంభమైనదని చరిత్రకారులందురు. గుడ్మన్ స్వింగ్ సంగీతమునకు రాజని కీర్తింపబడెను. 1938 జనవరిలో సుప్రసిద్ధమైన కార్నెగీ హాలులో కచేరీ చేయునంతటివాడయ్యెను.

పాలొమార్ హాలులో కేకలు వేసిన యువజనులలో హెండర్సను పేరు ఎరిగినవారెందరు? గుడ్మన్ కృతఘ్నుడు కాడు. తన విజయములో హెండర్సను పాలు ఎంతటిదో అతడు దాపరికము లేక చెప్పెను. తన గ్రంథమందును వ్రాసెను. కాని తెల్లవారి మేళమునకు లభించు హోటళ్లు, రేడియో ఒప్పందములు, జీతములు, నల్లవారి మేళము అవే స్వరములను వాయించినను లభింపలేదు. ఒకే కాగితము ఒకరి చేతిలో 37 డాలర్ల వెల చేసెను; మరియొకరి చేతిలో సింహాసనమయ్యెను. ఇది హెండర్సను మెత్తదనము వలననే జరిగినదని కొందరందురు. అతడెంతటి కఠినుడైనను ఆనాటి తలుపులు అతనికి తెరచుకొని యుండెడివి కావని మరికొందరందురు. నాకు రెండవ మాటయే యెక్కువ సత్యముగ తోచును. రసాయన శాస్త్రపు పట్టా చేత బట్టుకొని తిరిగిన 1920 నాటి యువకుడు ఏ మెత్తదనము వలన ఉద్యోగము పోగొట్టుకొనెను?

1936లో షికాగోలోని గ్రాండ్ టెర్రేస్ అను చోట హెండర్సన్ మరల ఒక మేళమును నిలిపెను. క్రిస్టఫర్ కొలంబస్ అను పాట వలన దానికి కొంతకాలము మంచి పేరు వచ్చెను. 1939లో దానిని విరమించి, గుడ్మన్ మేళముననే రచయితగను, కొన్ని నెలలు పియానో వాద్యకారుడుగను కుదిరెను. తరువాత కూర్చిన మేళములు ఎక్కువకాలము నిలువలేదు. 1948లో, ఇరువదియేడేండ్ల క్రిందట కాగితపు చుట్టలు తెప్పించి తనకు విద్య నేర్పించిన ఎథెల్ వాటర్స్ ప్రక్కను మరల పియానో ముందు కూర్చుండెను.

1950 డిసెంబరులో న్యూయార్కున ఒక చిన్న మేళముతో వాయించుచున్న దినములలో అతనికి పక్షవాతము వచ్చెను. ఆ పిదప అతని వ్రేళ్లు పియానోను తాకలేదు. రెండు సంవత్సరములు మంచము పట్టి, 1952 డిసెంబరు 29వ తేదీన, ఏబదియైదేండ్లు నిండిన పదునొకండు దినములకు, హెండర్సన్ మరణించెను. అతని దేహమును కత్‌బర్టునకు కొనిపోయి సమాధి చేసిరి.

1961లో కొలంబియా రికార్డు కంపెనీ అతని మేళము వాయించిన అరువది నాలుగు పాటలను ఏర్చి నాలుగు పెద్ద రికార్డులుగ వెలువరించెను. ఆ సంపుటమునకు వారు పెట్టిన పేరు ఆశాభంగమును గూర్చిన యొక అధ్యయనము అని అర్థమిచ్చును. గుడ్మన్ దాచియుంచిన సంగీత ప్రతులు అతని మరణానంతరము యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు చేరినవి. గుడ్మన్ పేరు గల ఆ పెట్టెలలో హెండర్సన్ వ్రాసి యిచ్చిన రచనలును కలవు.